గాలి తీసిన చెయ్యి

కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కన నా డీజిలు షెడ్డు. మొన్న శ్రావణంలో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, పాత వ్యాను ఒకటి దగ్గుకుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగిపోయింది. బయటికి వ్యానే గానీ లోపలంతా ఇల్లు: మంచం, గ్యాసు పొయ్యి, గిన్నెలు.

నడుపుతున్నది రాజకుమారి గారు, రిటైరైన నర్సు. వెనక మంచం మీద ఆమె భర్త జగన్నాధం గారు. పక్షవాతంతో కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆయనకి దేవుణ్ణి చూపిద్దామని పూరీ బయల్దేరారట.

"పొద్దున్నుంచి నాలుగుసార్లు ఆగిపోనాది బాబూ. ట్యాంకు నిండా డీజిలున్నాది," అన్నారామె.

కిందకి దూరి చూశాను. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు పగిలింది.

"గాలి సేరిందమ్మా."

ఆమె ఉలిక్కిపడ్డారు. "గాలా?"

"ఆ గాలి కాదమ్మా, పైపులోకి!" అని నవ్వాను.

కొత్త పైపు వేశాను. ఇక లైన్లో గాలి తియ్యాలి. బానెట్ దగ్గర ఒకరు చేతి పంపు కొడుతుంటే, కింద నేను బోల్టు వదులుచేసి బుడగలు పోయేదాకా చూడాలి.

"అమ్మా, ఆ పంపు కొడతారా?" అని కిందనుంచే అరిచాను.

టక్... టక్... టక్...

బాగా అలవాటైన చెయ్యి. డీజిలు నురగలా పొంగింది. ఆ వాసనలో పచ్చి పసుపు వాసన కూడా కలిసింది. బంపరు అవతల రెండు పాదాలు కనిపిస్తున్నాయి. పసుపు రాసిన పాదాలు, వేళ్లకి మెట్టెలు. బురదలో నిలబడ్డా బురద అంటలేదు.

"ఇంకా కొట్టనా?" గుసగుసలాంటి గొంతు.

"ఇంకో నాలుగు."

బుడగలు ఆగాయి. బోల్టు బిగించి బయటికొచ్చాను.

బానెట్ దగ్గర ఎవరూ లేరు. రోడ్డు అవతల టీకొట్టు నుంచి రెండు గ్లాసులు పట్టుకుని రాజకుమారి గారు వస్తున్నారు. కాళ్లకి బూట్లు.

"మీతో... ఇంకెవరైనా వచ్చారామ్మా?"

"ఎవరూ లేరు. ఏటైంది?"

"ఈ బండి ముందు ఎవరిది?"

"తెలీదు బాబూ. మూడు సేతులు మారినాది."

చెప్పాల్సింది. కానీ ఆ బండి నా షెడ్డు ముందునుంచి పోతే చాలనిపించింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజను కొత్తదానిలా అందుకుంది. నా నంబరిచ్చి పంపించేశాను.

గంట తర్వాత ఆమె ఫోను.

"బాబూ, ఇంజను ఆగట్లేదు! పక్కకి తీసి తాళం తిప్పేసినా..."

"కంగారుపడకండి. దిగి, నేనేసిన రబ్బరు పైపు లాగేయండి."

వాన చప్పుడు. ఆమె రొప్పు.

"లాగేసాను... డీజిలంతా కారిపోనాది... అయినా ఆడతన్నాది."

"ముందు అయ్యగారిని దించండమ్మా!"

"ఏ తలుపూ రావట్లేదు. లోపల గడియ పడిపోనాది."

ఇంజను మోత మధ్య ఆమె గొంతు బాగా తగ్గింది.

"బాబూ... లోపల ఎవరో పోపు ఏస్తన్నారు."