ఎగువ కయ్యలో గండి

పొట్ట లోపలి ఖాళీల గురించి సెమినార్‌లో చెబుతూ అబిగయీలు తడబడిన రోజునే పెంచలప్రసాద్ నోరు జారాడు. ఆమె రేడియాలజీ పీజీ, అతను సర్జరీ పీజీ. ఇద్దరిదీ నెల్లూరులో ఒకే ఆసుపత్రి.

"ఇంత అవస్థ ఎందుకండీ? మా కోవూరు పొలం గుర్తుపెట్టుకోండి. లివర్ కింద ఎగువ కయ్య, అంటే పై మడి. కుడిపక్క పెద్దపేగు వెంబడి కాలవ. అడుగున దిగువ కయ్య. పైన గండి పడితే నీళ్లు కిందకొచ్చి నిలబడతాయి."

హాలంతా నవ్వింది, ఆమె తప్ప. నోట్సులో ఏదో గీసుకుని, ఆపైన మూడు నెలలు అతనితో "రిపోర్ట్ రెడీ" తప్ప మరో మాట అనలేదు. ఆ రెండు మాటల కోసమే ప్రసాద్ పనున్నా లేకున్నా సీటీ గదికి వెళ్లేవాడు. మనసుకి లేని సిగ్గు కాళ్లకి ఎక్కడిది?

ఒక వానపూట అతని నాన్న పద్మనాభయ్యను ఆటోలో తెచ్చారు. కడుపునొప్పితో గట్టు మీదే కూలబడ్డాడట. కుడివైపు కింద చెయ్యి ఆనిస్తే విలవిల్లాడాడు.

"అపెండిక్స్. స్కాన్ వద్దు, నేరుగా థియేటర్‌కి పోదాం," అన్నాడు ప్రసాద్.

అబిగయీలు స్ట్రెచర్‌కి అడ్డంగా నిలబడింది. "పది నిమిషాలు ఇవ్వండి."

"మా నాయనండీ."

"అందుకే అడుగుతున్నా."

పది నిమిషాల తర్వాత ఆమె స్క్రీన్ చూపించింది. "అపెండిక్స్ బాగుంది. కాలవ నిండా నీళ్లు. లివర్ ముందు ఈ నల్లటిది గాలి. చిన్నపేగు మొదట్లో పుండు చిల్లుపడింది. నీళ్లు కింద, గండి పైన."

కింద కోసి వెతుకుతూ కూర్చునేవాళ్లమేమో అనుకుంటూ రైతుబిడ్డ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. ఆమె ఆ చేతుల మీద క్షణం చెయ్యి వేసి, సర్జరీ ప్రొఫెసర్ రంగనాయకులు గారికి ఫోన్ కలిపింది. గంటలో చిల్లు పూడ్చారు.

అయిదో రోజు పద్మనాభయ్య జావ తాగుతూ ఆమెను పిలిపించాడు. "గండి భలే కనిపెట్టినావు పాపా."

"మీ అబ్బాయి చెప్పిన పాఠమేనండీ," అని ఆమె నోట్సు తెరిచింది. కయ్యలు, కాలవ, గట్టు మీద పారతో ఒక మనిషి.

"ఇదెవరు?" అన్నాడు ప్రసాద్.

"మీరే."

"మరి మూడు నెలలు మాట్లాడలేదే?"

"అందరి ముందు నవ్వులపాలు చేశారు. సారీ చెబుతారని చూశాను. మీరేమో ఒకే రిపోర్ట్ నాలుగుసార్లు తీసుకెళ్లారు."

"సారీ. నేనొచ్చింది రిపోర్ట్ కోసం కాదు. మీరంటే ఇష్టం."

"నాక్కూడా," అంది ఆమె, పద్మనాభయ్య ఉన్నాడని మరిచిపోయి.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "మూడు నెలలుగా కడుపులో బాగలేదని వీడు ఇంట్లో సరిగా అన్నం తినలా. గండి యాడుందో ఇప్పుడు తెలిసె. మీదే ఊరమ్మా?"

"వాకాడండీ. మా నాన్న కృపాదానం, చర్చిలో పాస్టరు."

"కుట్లు ఇప్పినాక పోదాం. ఆయన్ని నేనే అడుగుతా."

సెమినార్ నాడు దాచుకున్న నవ్వంతా అబిగయీలు అప్పుడు నవ్వింది.