నైట్రోజన్ క్యాన్‌లో చివరి చేప

మాచర్ల స్టేషన్‌లో రైలు ఆగేలోపే పీర్ సాహెబ్ ఊపిరి ఆగింది. టీలో విషం. పోయినవాడు నిఘా విభాగం చీఫ్. శత్రుముఠాలో తిరుగుతున్న ఉజ్మా నిజంగా ఎవరి మనిషో ఆయన ఒక్కడికే తెలుసు.

ఆ కబురు అందేసరికి ఏజెంట్ ఆదిల్ నరసరావుపేటలో ముఠా దోచిన ఓ రీసెర్చ్ ల్యాబ్‌లో ఉన్నాడు. సైంటిస్ట్ బిందు కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి.

"పోయింది ఏంది మేడమ్?"

"చేప కణాలు. కృష్ణలో ఆ చేప ఇక లేదు. మేం ద్రవ నైట్రోజన్‌లో ఫ్రీజ్ చేసినవే చివరివి."

"చేప కోసం మా చీఫ్‌ని చంపారా?"

"ఒంట్లో తల ఎక్కడ, తోక ఎక్కడ అని చెప్పేవి హాక్స్ జీన్లు. ఈగకి ఒకటే వరుస, మనకి నాలుగు. ఒకటి కాపీ అయ్యి నాలుగెట్టా అయిందో ఈ చేప చెప్పుద్ది. పైగా దీని వెన్ను తెగినా మళ్ళీ పెరుగుద్ది. ఆ జీన్ పేటెంట్ అయితే కోట్లు."

"కాపీ అయిన జీన్ ఏమైద్ది?"

"ఒకటి పాత పని చూసుకుంటది. రెండోది కొత్త పని పట్టుకోవాల. లేకపోతే చచ్చిపోద్ది."

ఆదిల్‌కు ఉజ్మా గుర్తొచ్చింది. ఇద్దరిదీ ఒకే బ్యాచ్, ఒకే ట్రైనింగ్. నిఖా దాకా వచ్చాక ఆమె ముఠాలో చేరిందన్నారు. అతను నమ్మలేదు, నమ్మకుండా ఉండనూ లేకపోయాడు.

ఢిల్లీ నుంచి ఫోన్ వచ్చింది. "కణాలున్న నైట్రోజన్ క్యాన్ ఉజ్మా దగ్గరుంది. సాగర్ డ్యామ్ దాటకూడదు. కనిపిస్తే షూట్."

"మన మనిషైతే సార్?"

"చెప్పాల్సినవాడు పోయాడుగా."

కణాలున్న గొట్టానికి ల్యాబ్‌వాళ్ళు పెట్టిన ట్రాకర్ చలికి ఎప్పుడో చచ్చింది. మిర్చి బేరగాడి వేషంలో ఆదిల్ బైకు మీద బయలుదేరాడు.

ముఠా ప్లాన్ గట్టిదే. గేదెలకు వేసే వీర్యం క్యాన్‌లో చేప కణాలు దాచి, ఉజ్మాకు పశువుల డాక్టర్ వేషం వేశారు. ఏ చెక్‌పోస్టూ ఆ క్యాన్ మూత తీయమనదు. కానీ పల్నాడులో ఆ క్యాన్ కనిపిస్తే పాడి రైతు బండి కదలనివ్వడన్న సంగతి పరాయి బుర్రలకు తట్టలేదు.

రెంటచింతల దాటాక జాన్‌బీ అనే పెద్దావిడ తన ఇంటి ముందు ఉజ్మా జీపుకు అడ్డం నిలబడింది. "డాక్టరమ్మా, మా గేదె ఎదకొచ్చింది. పొద్దున్నించీ ఒకటే అరుపు. సూదేసి పో తల్లీ."

పక్కనున్న ముఠా మనిషి సాయికిరణ్ పళ్ళు కొరికాడు. "పోనీయ్."

"పోతే దొంగ డాక్టరని ఊరంతా ఫోన్లు కొడతారు," అంటూ ఉజ్మా దిగింది.

సబ్బు అడిగింది. గడ్డకట్టిన వీర్యం స్ట్రా కరిగించడానికి గోరువెచ్చని నీళ్ళు అడిగింది. తెచ్చాక చల్లారాయంది, మళ్ళీ కాయమంది. ఈలోగా డాక్టరమ్మ వచ్చిందని తెలిసి మరికొందరు గేదెల్ని తోలుకొచ్చారు. రోడ్డు నిండిపోయింది. ఆ గుంపును చూసే ఆదిల్ బైకు ఆపాడు.

పిస్టల్ తీశాడు. గురి ఉజ్మా మీద. ట్రిగ్గర్ మాత్రం నొక్కలేదు.

అతన్ని చూడగానే సాయికిరణ్ క్యాన్ మీదికి దూకాడు. తమకు దక్కకపోతే ఎవరికీ దక్కకూడదని ముఠా ఆజ్ఞ. లోపలి గొట్టం ఎండలోకి వస్తే కణాలు క్షణాల్లో చస్తాయి. గొట్టం క్యాన్ మెడ దాకా లేచింది. ఉజ్మా దాన్ని ఉత్త చేతుల్తో పట్టి కిందికి అదిమింది. చర్మం అంటుకుపోయినా వదల్లేదు. వాడు ఆమెను కాల్చాడు. ఆదిల్ వాణ్ని కాల్చాడు, ఒక్క క్షణం ఆలస్యంగా.

"మూత పెట్టు ఆదిల్," అంది ఉజ్మా. "తర్వాత ఏడుద్దువు."

అతను మూత పెట్టాడు. తర్వాత ఏడ్చాడు, రోడ్డు మీదే, చిన్నపిల్లాడిలా.

ఉజ్మా శవాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. జాన్‌బీయే స్నానం చేయించింది. "ఎవరి మనిషైతే నాకేందయ్యా," అంది. "మా గుమ్మంలో పోయిన పిల్ల."

ఆదిల్ ఢిల్లీకి ఫోన్ చేశాడు. ఉజ్మా మన మనిషేనని ఒప్పుకోమన్నాడు.

"ఆమెను చేసుకోవాలనుకున్నవాడివి, నీ మాట చెల్లదు. ఊళ్ళోవాళ్ళకు ఆమె డాక్టరే. ఇంకెవరున్నారు సాక్షి?"

"గేదెలున్నాయి సార్. మన డిపార్ట్‌మెంట్‌లో పనిచేయవు కాబట్టి, నిజమే చెప్తాయి."