ఎర్రంచు అక్షరాలు

నేను కథల్లో ఉప్పూ కారం దట్టిస్తానని తెలిసినవాళ్ళంతా ఆడిపోసుకుంటారు. ఈ కథలో మాత్రం చిటికెడు కూడా కలపలేదు. ఒట్టు.

ఒక ఆఫీసులో ఒకమ్మాయి. నల్లటి టెర్మినల్ తెర మీద జారిపోయే అక్షరాల వరసల్ని పొద్దస్తమానం కాపలా కాయడం ఆమె పని. వరసలు ఎక్కువ కనబడాలని మానిటర్‌ని నిలువుగా తిప్పి పెట్టుకుంది. ఆ టెర్మినల్ ప్రోగ్రాం రాసే కుర్రాడు పై అంతస్తులో ఉంటాడు.

మొదటిసారి లిఫ్టులో ఎదురుపడగానే దులిపేసింది.

"ఆ అక్షరాలు మీవేనా? అంచులన్నీ ఎలకలు కొరికినట్టున్నాయండీ."

"ఆ ఎలకలకి యజమానిని నేనే. టీ తాగుతూ తిట్టండి."

అలా తిట్లతో మొదలై, మీరు కాస్తా నువ్వుగా మారి, "మా అమ్మని మీ ఇంటికి తీసుకురానా?" అనేదాకా వచ్చింది. సోమవారం చెప్తానంది. సరేననాలనే ఆమె మనసు.

సోమవారం తెర చూడగానే గుండె గతుక్కుమంది. ప్రతి అక్షరానికీ ఒక పక్క ఎర్రటి అంచు, మరో పక్క నీలం. కళ్ళు నులుముకుంది. మొహం కడుక్కొచ్చింది. పోలేదు. చూపు పోయేముందు వాళ్ళ పిన్నికీ ఇలాగే దీపాల చుట్టూ రంగులు కనబడేవి. ఆ పిన్నిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది తనే. ఇప్పుడు ట్యూబులైటు చూసినా, గోడ గడియారం చూసినా రంగులున్నట్టే అనిపించింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు రాలేదు. ఆయన ఔనంటే?

బయట వాన దంచికొడుతోంది. కుర్రాడు రెండు కప్పుల టీతో దిగొచ్చాడు.

"ఏం చెప్తావ్?"

"వద్దు."

"మా అమ్మంటే భయమా? నాకూ భయమే."

"నవ్వించకు. నాకు చూపు పోతోంది, మా పిన్నిలాగే. రేపు నన్ను నడిపించే పని నీ మెడకి చుట్టలేను."

కప్పులు బల్ల మీద పెట్టాడు. "నీకెలా తెలుసు?"

"అక్షరాలకి ఎర్రంచు కనబడుతోంది."

అతను వంగి తెరకేసి చూశాడు. మొహం పాలిపోయింది.

"మాట్లాడవేం?"

"ఆ ఎర్రంచు నాకూ కనబడుతోంది."

"అయ్యో, నీకూ పోతోందా?"

"పోయింది చూపు కాదు, నా బుర్ర. ఎలకలు కొరికాయన్నావని నిన్నంతా కూర్చుని అంచులు నున్నగా చేశా. ముందు నీకే చూపించాలని నీ మిషన్‌లోకే పంపా. తెర మీది చుక్కల్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పక్కపక్కన ఉంటాయి, వాటితోనే ఆ నునుపు. నీ మానిటర్ నిలువుగా ఉందిగా, ఆ రంగులు ఒకదాని కింద ఒకటి పడి, కలవకుండా అంచుల్లో బయటపడ్డాయి. నాది అడ్డంగానే ఉంటుంది. ఆ ఆలోచనే రాలేదు."

రంగుల నునుపు తీసేసి, ఉత్త బూడిదరంగు నునుపు పెట్టాడు. ఎర్రంచు మాయమైంది. ఆమె ఒక్కో వరసా పైకి చదివింది. చదువుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే అతని భుజం మీద ఒక్కటిచ్చుకుంది.

"మీ అమ్మని తీసుకురా. ముందు నీ మీద చాడీలు చెప్పాలి." ఆగింది. "కళ్ళ డాక్టర్ దగ్గరికి తోడొస్తావా? పిన్ని సంగతి ఉందిగా. భయం పూర్తిగా పోలేదు."

"నాకూ పోలేదు. పద."

అతను చెయ్యి అందించాడు. మెట్లు చక్కగా కనబడుతున్నా, ఆ చెయ్యి పట్టుకునే దిగింది. కళ్ళు బంగారంలా ఉన్నాయి, ఏడాదికోసారి చూపించుకోమన్నాడు డాక్టర్.

ఇందాక ఒట్టు పెట్టానా? గట్టు మీద పెట్టేయండి. ఆ వాన నేనే కురిపించాను. ఆ రోజు ఎండ మాడ్చేసింది. ప్రేమకథన్నాక కాస్త తడి లేకపోతే ఎలా?