చాడీలు చెప్పిన నాడీకణం

నత్త నుంచి తీసిన ఆ నాడీకణం ఆరుసార్లు టకటకమని మోగి, పది సెకన్లు ఊరుకుంటుంది. మళ్లీ ఆరు. పరిశోధన చేసే అమ్మాయి ఆ చప్పుడు స్పీకర్‌లో వింటుంది, తెరమీద గీతలు చూస్తుంది.

పదకొండు రోజులుగా మధ్యాహ్నం మూడు దాటాక లయ తప్పుతోంది. ఒకసారి ముందే మోగుతుంది, ఒకసారి ఆలస్యంగా. రోజుకో కొత్త కణం పెట్టినా అదే తంతు. శుక్రవారంలోగా కారణం తేలకపోతే ఆరు నెలల పని మళ్లీ మొదటినుంచి చేయాలన్నారు ప్రొఫెసర్.

గురువారం మూడుంబావుకి లయ తప్పగానే ఆమె వెళ్లి తలుపు తీసింది. వరండాలో ఎలక్ట్రీషియన్ గోడ స్విచ్ వేస్తున్నాడు, తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"లూజ్ కాంటాక్ట్ మేడమ్."

"నిన్న?"

"నిన్నా అదే."

"మొన్న?"

అతను స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

లోపలికి పిలిచి గీతలు చూపించింది. ఆ స్విచ్, ఈ బల్ల ఒకే ఎర్త్ తీగ మీదున్నాయని, నొక్కినప్పుడల్లా కణానికి చిన్న షాక్ తగులుతోందని అతనే కనిపెట్టాడు. ఆరు నెలల సంగతి విన్నాక, తప్పు తనదేనని ప్రొఫెసర్‌గారికి చెప్పేస్తానన్నాడు. ఉద్యోగం పోతే పోనీ అన్నాడు.

"ఏమని చెప్తారు?"

"స్విచ్ బాగానే ఉందని."

"మరెందుకు నొక్కారు?"

"మూడింటికి మీరు టీకి బయటికొస్తారు కదా. వరండాలో ఊరికే నిలబడితే ఏం బాగుంటుంది? చేతిలో ఏదో పనుండాలి."

ఆమె స్పీకర్ చప్పుడు తగ్గించింది.

"ఇది లయ తప్పుతోందని పదకొండు రోజులుగా నేను టీ మానేశాను," అంది.

తర్వాత ఇద్దరూ కూర్చుని గీతలన్నీ వరసగా చూశారు. కణం ఊరుకున్నప్పుడు షాక్ తగిలితే తర్వాతి మోత ముందే వచ్చింది. మోగుతుండగా తగిలితే ఆలస్యమైంది. ప్రతిరోజూ అదే లెక్క. పాడైన కణాలు ఇంత పద్ధతిగా లయ తప్పవు.

శుక్రవారం ప్రొఫెసర్ ఆ గీతలు అరగంట చూసి, ఏదీ పారేయొద్దన్నారు. ఇంకో వంద షాకులిచ్చి చూడమన్నారు.

ఆ మాట ఆమె వరండాలోకి వచ్చి ఎలక్ట్రీషియన్‌కి చెప్పింది.

"రోజుకి పది చొప్పున ఇస్తే పది రోజుల్లో అయిపోతుంది," అన్నాడు. అంటూనే అతని ముఖం చిన్నబోయింది.

"రోజుకొకటి చాలు," అంది ఆమె. "అంత తొందరేముంది?"