కర్రీ పఫ్ పక్కన హెడ్‌లైట్

"మీ ఓవెన్ ఓ పది నిమిషాలు ఇస్తారా అండీ?" అని అడిగాడు మురళీకృష్ణ.

సాహితి కౌంటర్ మీంచి తలెత్తింది. ఎదురు షాపతను పాత తువ్వాలులో ఏదో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని నిలబడ్డాడు.

"దేనికండీ?"

"ఇది వేడి చెయ్యాలి." తువ్వాలు విప్పాడు. లోపల కారు హెడ్‌లైట్.

"ఓహో. పైన గుడ్డు సొన రాయమంటారా, జీడిపప్పు అద్దమంటారా?"

నూజివీడులో కార్లకి సోకులు చేసే షాపులు ఇంకా ఉన్నాయి. కానీ హెడ్‌లైట్ విప్పి, లోపల వెలుగు పెంచే ప్రొజెక్టర్ లెన్సు బిగించి, మళ్లీ కంపెనీలో పుట్టినట్టే మూసిపెట్టగలిగేది తనొక్కడే అని మురళీకృష్ణ అభిప్రాయం. ఆ అభిప్రాయం కూడా అతనొక్కడిదే. హెడ్‌లైట్ అద్దాన్ని పట్టుకుని ఉండే బంక వేడికి మెత్తబడితే గానీ అద్దం ఊడదు. వేడి చేసే హీట్ గన్ ఆ పొద్దున్నే కాలిపోయింది. ఎదురుగా బేకరీ, అందులో ఏడాదిగా సాహితి. హీట్ గన్ పోయినందుకు అతను బాధపడుతుండగా చూసినవాళ్లు లేరు.

"ఎవరి కారు?"

"మామిడికాయల కమీషన్ కొట్టు వీరరాఘవయ్య గారిదండీ. ఆదివారం ఏదో శుభకార్యానికి వెళ్తారట. లైట్లు వేస్తే వీధి వీధంతా బయటికొచ్చి చూడాలన్నారు."

సాహితి ఏదో అనబోయి ఆగింది.

"సరే, పఫ్‌ల ట్రే పక్కన పెట్టండి. వాటికి ప్లాస్టిక్ వాసన పట్టిందంటే మొత్తం మీరే తినాలి."

వాసన పట్టింది. మురళీకృష్ణ ట్రే మొత్తం తిన్నాడు. పైగా బాగున్నాయన్నాడు. అప్పుడు సాహితి నవ్వింది, అదీ అతని మొహం చూసి.

మర్నాడు సాయంత్రం వాన పడింది. కథల్లో వాన పడితే ప్రేమికులు తడిసి మురిసిపోతారట. మా ఊళ్లో మే నెలలో వాన పడితే కాయ రాలిపోతుందని ఊరంతా ఆకాశాన్ని తిడుతుంది. ఆ తిట్లు సద్దుమణిగాక, దీపాల వేళకి మురళీకృష్ణ కారుని బేకరీ తెల్లగోడకి ఎదురుగా పెట్టి లైట్లు వేశాడు.

"ఆ గీత చూశారా? కత్తితో కోసినట్టు లేదూ?"

గోడ సగం ఎత్తు దాకా వచ్చిన వెలుగు అక్కడ తెగినట్టు ఆగింది. ఎడమపక్క సమంగా ఉంది. కుడిపక్క మాత్రం మెట్టులా పైకి లేచింది.

సాహితి గోడ వంక చూసింది, రోడ్డు వంక చూసింది. "కుడిపక్క లేచిందేంటండీ?"

"అది డిజైను."

"మనం ఎడమన పోతాం. ఎదురొచ్చేవాళ్లు కుడిపక్కనే కదా వస్తారు? ఆ మెట్టు తిన్నగా వాళ్ల కళ్లలోకి కొడుతుంది. ఏ దేశం డిజైనండీ ఇది?"

మురళీకృష్ణకి అప్పుడు వెలిగింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఆ లెన్సులు రోడ్డుకి కుడిపక్క బండ్లు నడిపే దేశాల కోసం చేసినవి. అట్టపెట్టె మీద రాసే ఉంది. లెన్సు మెరుపు చూసిన సంబరంలో అయ్యగారు అట్టపెట్టె చదవలేదు.

"కాస్త కిందకి దించితే సరిపోతుందిలెండి. ఎవరూ గమనించరు."

"గమనించరు. గమనించేలోపే కాలవలో ఉంటారు." సాహితి గొంతు మారింది. "పోయినేడు బాపులపాడు రోడ్డులో మా నాన్న అలాగే పడ్డారు. ఎదురొచ్చినవాడు కూడా ఇలాంటి సోకే చేయించుకున్నాడు. అప్పట్నుంచి చీకటి పడితే నాన్న స్కూటర్ ముట్టుకోరు. నేను బేకరీలో ఎందుకు కూర్చుంటున్నాననుకున్నారు, పఫ్‌ల మీద ప్రేమతోనా? మీరు కాస్త మంచివారనుకున్నాను. పొరపాటు నాదే."

షట్టర్ దించేసి వెళ్లిపోయింది.

మురళీకృష్ణ కారుని మళ్లీ తన షాపు ముందుకి తెచ్చాడు. తర్వాత బంపర్ విప్పి, రెండు లైట్లూ ఊడదీశాడు. లోపల వెలుగుని కోసే చిన్న రేకు మార్చాలి. అది విజయవాడలో దొరుకుతుంది, సోమవారం కొట్లు తెరిస్తే.

ఆదివారం మధ్యాహ్నం వీరరాఘవయ్య గారు పట్టుపంచెలో వచ్చి కారుని చూసి నిలబడిపోయారు.

"ఇదేంటయ్యా, కళ్లు పీకేశావు?"

"లెన్సులు తప్పు పడ్డాయండీ. ఎదురొచ్చేవాళ్లకి దారి కనపడదు. రేపు సరిచేసి ఇస్తాను."

"ఎదురొచ్చేవాడికేగా, నాకు కాదుగా? కందకి లేని దురద కత్తిపీటకెందుకయ్యా? అలాగే బిగించెయ్."

"బిగించనండీ."

"ఇవాళ మా అబ్బాయి అభిరామ్‌కి పెళ్లిచూపులయ్యా బాబూ. రాహుకాలం వచ్చేలోపు బయల్దేరాలి. పిల్ల ఎవరో కాదు, ఈ బేకరీ జగన్మోహనరావు గారి అమ్మాయే. బాపులపాడులో వాళ్లింటి దగ్గర ఎదురుచూస్తుంటారు."

మురళీకృష్ణకి నిజంగానే ఏడుపొచ్చింది. తన చేత్తో ముస్తాబు చేసిన కారెక్కి ఇంకొకడు సాహితిని చూడ్డానికి పోతున్నాడు. ఆ కారుకి ముస్తాబు సాహితి ఓవెన్‌లోనే జరిగింది. అయినా లైట్లు బిగించలేదు. రోడ్డు మీదకి వెళ్లి ఓ ఆటో ఆపాడు. తను మనసుపడ్డ పిల్ల పెళ్లిచూపులకి తనే ఆటో మాట్లాడిన మొనగాడు మా జిల్లాలో ఇంకొకడుంటాడని నేననుకోను.

"ఆటోనా?" అన్నారు వీరరాఘవయ్య గారు. "వియ్యాలవారి గుమ్మంలో ఆటో దిగితే నా పరువేం కాను?"

"పోనీ ఈ కారులోనే..."

"కళ్లు లేని కారులోనా? శుభమా అని బయల్దేరుతూ?"

ఆటోకి పరువు అడ్డం, కారుకి శకునం అడ్డం. రెండిటి మధ్యా వాదించుకుంటూ ఉండగా నాలుగున్నర కొట్టింది. రాహుకాలం వచ్చి కూర్చుంది. అది లేచాక బయల్దేరితే తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది, చీకట్లో లైట్లు లేని కారు కదలదు. వీరరాఘవయ్య గారు ఫోన్ తీసి, ఆదిలోనే హంసపాదు పడిన సంబంధం మాకొద్దని చెప్పేశారు.

సోమవారం మురళీకృష్ణ తొలి బస్సులో విజయవాడ వెళ్లి రేకులు తెచ్చాడు. బేకరీ మెట్ల దగ్గర తటపటాయిస్తుంటే సాహితి ఏమీ అడక్కుండా ఓవెన్ తలుపు తీసింది. ఈసారి పఫ్‌ల ట్రే ముందే బయట పెట్టింది.

దీపాల వేళకి మురళీకృష్ణ లైట్లు బిగించి కారుని రోడ్డు వైపు తిప్పి పెట్టేసరికి జగన్మోహనరావు గారు బేకరీలోంచి బయటికొచ్చారు.

"మా అమ్మాయి సంబంధం తప్పించింది నువ్వేనటగా?"

"కావాలని కాదండీ. ఆటో కూడా పిలిచానండీ."

"పిలిచావా? ఆ పెళ్లిచూపులకి నీకెందుకయ్యా అంత తొందర?"

మురళీకృష్ణ తలొంచుకుని లైట్ల మీద దుమ్ము తుడవసాగాడు. జగన్మోహనరావు గారు చెయ్యి చాపి కూతురి దగ్గర స్కూటర్ తాళం తీసుకున్నారు. సాహితి ఆపబోయి ఆగింది. ఆయన రోడ్డు చివరిదాకా వెళ్లి ఇటు తిరిగారు.

"లైట్లు వెయ్యండి" అంది సాహితి. వేశాడు.

"ఆ కారు ఎవరింటికి రావడానికి ముస్తాబవుతోందో నాకు శుక్రవారమే తెలుసు" అంది, కళ్లు రోడ్డు మీదే ఉంచి.

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరు లైట్లు విప్పింది నా కోసమో, ఎదురొచ్చేవాళ్ల కోసమో నాకెలా తెలుస్తుంది?"

"ఇప్పుడు తెలిసిందా?"

"తెలిసింది. మీరు నాకు నచ్చారు. ఆటో పిలిచిన సంగతి మాత్రం పెళ్లయ్యాక కూడా వదిలిపెట్టను."

మురళీకృష్ణ అన్న మాట ఏంటో నాకు తెలీదు, స్కూటర్ చప్పుడులో కలిసిపోయింది. జగన్మోహనరావు గారు వెలుగుకి ఎదురుగా తిన్నగా వచ్చారు. హ్యాండిల్ వణకలేదు, చెయ్యి కళ్లకి అడ్డం పెట్టుకోలేదు. కారు పక్కనే ఆపి, తండ్రి మొహం చూస్తూ కళ్లు తుడుచుకుంటున్న కూతుర్ని చూసీ చూడనట్టు ఊరుకున్నారు.

"రోడ్డంతా కనపడింది" అన్నారు మురళీకృష్ణతో. "నీ మొహం కూడా కనపడింది. అదే అంత బాగాలేదు."

"అయ్యో నాన్నా" అంది సాహితి.

"సర్లే. వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నల్ని మా ఇంటికి తీసుకురావయ్యా. ఆటోలో వచ్చినా పర్లేదు."