పీటముడి

తెల్లవారేసరికి తుపాను గాలి తిరిగింది. నాగాయలంక అవతలి ఊళ్లో అబ్రహాము మూడు గేదెల పలుపులనూ పాక గుంజలకు బిగించి, ఒక్కోదానికీ పీటముడి వేసి, ఇంట్లోకొచ్చి టీ గ్లాసు అందుకున్నాడు. అది ఖాళీ కాకముందే పెరట్లోంచి భార్య సింధూరి కేక పెట్టింది.

"ఏవండీ! అత్తయ్య మళ్లీ విప్పేస్తున్నారు!"

అబ్రహాము తల్లి అమలమ్మ గట్టి ముడి వేయదు. బియ్యం బస్తాకైనా, మనవరాలు ఏంజెల్ జడ రిబ్బనుకైనా జారుముడే. "ముందు పళ్లు రెండూ లేవుగా, ముడి విప్పడం కష్టమని ముందే వదులుగా వేస్తారా అత్తయ్యా?" అని సింధూరి ఆటపట్టించేది. అమలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసేది.

ఈ రోజు ఎవరూ నవ్వలేదు.

"పోయిన తుపానుకి నువ్వొదిలేసిన దూడ కాలవలో తేలింది. మర్చిపోయావా అమ్మా?"

"అది పరిగెత్తి చచ్చిందిరా. కట్టేసుండి చావలేదు."

"ఏ చావైతే ఏంటి? నల్లది చూలుతో ఉంది. ఇవి పోతే మనం ఏం తిని బతకాలి?"

"విప్పరా. నీ కాళ్లు పట్టుకుంటా."

"లోపలికి పో!"

అమలమ్మ పోలేదు. చూరులోంచి కొడవలి లాగింది. ఒక పలుపు తెగింది. రెండోది తెగింది. రెండు గేదెలూ గట్టు మీదికి పరుగు తీశాయి. నల్లదాని దగ్గరికి వెళ్లేలోగా అబ్రహాము ఆమె మణికట్టు ఒడిసి పట్టుకుని విదిలించి తోశాడు. ఆమె నుదురు గుంజకు తగిలింది. కూలబడిపోయింది. రక్తం కంట్లోకి కారింది.

"మామ్మా!" ఏంజెల్ గుక్కపెట్టింది.

ఏనాడూ మొగుడికి ఎదురు చెప్పని సింధూరి అతని చొక్కా పట్టుకుని గుంజింది. "కన్నతల్లి మీద చెయ్యి చేసుకుంటారా? మనిషేనా మీరు?"

అతను నోరు తెరిచాడు. మాట వినపడలేదు. గాలి వచ్చి మీద పడింది.

కొబ్బరిచెట్టు నడిమికి విరిగింది. పక్కింటి రేకు ఎగిరొచ్చి గోడలో దిగబడింది. కాలవ గట్టు తెగి నీళ్లు పెరట్లోకి దూకాయి. పాక సగం కూలింది. దాని కింద నల్లగేదె మోకాళ్ల మీద పడి, ముట్టె ఒక్కటి నీళ్ల పైకెత్తి అరుస్తోంది.

అబ్రహాము నడుము లోతు నీళ్లలో పాకలోకి వెళ్లాడు. తను వేసిన ముడే. నారతాడు ఉబ్బి రాయిలా అయింది. గోళ్లు ఊడొచ్చాయి. వంగి పళ్లతో కొరికాడు. నోరంతా నెత్తురు.

వెనక నుంచి కొడవలి పట్టుకున్న చెయ్యి ముందుకొచ్చింది.

"నోరు తియ్యరా. అది పళ్లకి రాదు."

అమలమ్మ ఒక్క కోతతో పలుపు తెంపింది. గేదె వాళ్లను తోసుకుంటూ బయటపడింది. తల్లిని నెట్టుకుంటూ అతను బయటికి రాగానే పాక నేలమట్టమైంది.

మధ్యాహ్నానికి అందరూ తుపాను షెల్టర్‌లో ఉన్నారు. సింధూరి అత్తగారి నుదురు కడుగుతోంది. అబ్రహాము నోటి నెత్తురు తుడుచుకుని తల్లి ముఖంలోకి చూశాడు.

"అమ్మా... నీ పళ్లు?"

అమలమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

"డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు నాకు పన్నెండేళ్లు. తమ్ముణ్ని తాటిచెట్టుకి కట్టమని మా అమ్మ తన చీర ఇచ్చింది. గట్టిగా కట్టవే అంది. పీటముడి వేశా. నేను పైన, వాడు నా కాళ్ల కింద. నీళ్లు వాడి గడ్డానికొచ్చాక విప్పబోయా. తడిసిన ముడి రాలేదు. కొరికా. ఒక పన్ను పోయింది. ఇంకోటీ పోయింది. అక్కా, అక్కా అంటూనే ఉన్నాడు..."

కొంగు కొసని వేళ్లకి చుట్టుకుంది.

"తర్వాత అనలేదు."

అబ్రహాము తల్లి ఒళ్లో ముఖం దాచుకున్నాడు. "నన్ను కొట్టమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె అతని తడి జుట్టులోకి వేళ్లు పోనిచ్చింది.

సింధూరి తన చీర అంచు చింపి ఇచ్చింది. అబ్రహాము తల్లి నుదుటికి గుడ్డ చుట్టాడు. చివర్లు బిగించబోయిన వేళ్లు ఆగాయి. జారుముడి వేశాడు.

అమలమ్మ తడుముకుంటూ కొస పట్టి మెల్లగా లాగింది. ముడి విడిపోయింది.

"ఊడిపోతోందండీ" అంది సింధూరి.

"ఊడనీ. మళ్లీ కడతా" అన్నాడు అబ్రహాము.