షరీఫా మలాము

1978 వానాకాలం. షరీఫా వికారాబాద్ ఆఫీసుకు వచ్చేసరికి డిటెక్టివ్ ఏసుదాసు సమోసా తింటున్నాడు. ఆమె కంగారు చూసి అసిస్టెంటు యూసుఫ్ కుర్చీ జరిపాడు.

"సార్, తాండూరుల నా మలాము కార్ఖానా మునిగేటట్టుంది. హైదరాబాద్ మందుల కంపెనీ దాన్ని కొంటమన్నది. గిప్పుడు వాళ్ల రీసెర్చి ఆఫీసరు శివయ్య, గా మందు తనే కనిపెట్టిండట, నేనే దొంగతనం చేసిన్నని అంటుండు. రేపు వాళ్ల పెద్దాయన వచ్చి తేలుస్తడట. నన్ను నమ్ముకొని పదిమంది ఆడోళ్లున్నరు."

"శివయ్య మీ కార్ఖానాకు వచ్చిండా?"

"పోయిన నెల చూడనీకి వచ్చిండు. ఆయన పోయినంక ఒక మలాము డబ్బ కనబడలే. యాడనో పెట్టి మరిచిననుకున్న."

ఆ కంపెనీ సంగతి యూసుఫ్ పేపర్లో చదివాడు. ఏటా ఒక చిన్న కంపెనీని కలుపుకుని బలవడమే తప్ప, సొంతంగా ఒక్క మందు కనిపెట్టిన పాపాన పోలేదు.

తాండూరు కార్ఖానాలో ఆడవాళ్లు వేడి మలాము వడగడుతున్నారు. గంగాళం మూతికి నల్లటి ముక్కొకటి కట్టి ఉంది. ఏసుదాసు దాన్ని వేలితో తడిమి చూశాడు.

"గొంగడి సార్. గొర్రెల బీరన్న ఇస్తడు. బట్టయితే వేడి నూనెకు ఆగది" అంది షరీఫా.

ఏసుదాసు ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు. సార్‌కు ఏదో దొరికిందని యూసుఫ్‌కు తెలిసింది. ఏమిటన్నది మాత్రం బుర్రకెక్కలేదు.

మర్నాడు కంపెనీ పెద్దాయనతో సహా అందరూ కార్ఖానాలోనే కూర్చున్నారు. శివయ్య బల్ల మీద గాజు సీసా పెట్టాడు.

"ఎట్ల చేసిన్రు సార్?" ఏసుదాసు మర్యాదగా అడిగాడు.

"మా ల్యాబులో. అన్నీ గాజు పాత్రలే. ఫిల్టరు కాగితంతో వడగట్టాను. బయటి నలుసు పడే వీల్లేదు."

ఏసుదాసు ఆ సీసాలోంచి ఒక చెంచాడు కరిగించి తెల్ల కాగితం మీద పోశాడు. నూనె ఇంకి, సన్నటి నల్ల వెంట్రుకలు మిగిలాయి. షరీఫా డబ్బాలోది పోస్తే అవే వెంట్రుకలు.

"గిది గొంగడి బొచ్చు. మీ ల్యాబుల గొర్రెలు మేస్తయా సార్? గా పోయిన డబ్బనే మీరు సీసల పోసిన్రు."

శివయ్య సీసాను పక్కకు నెట్టాడు. "ఏం కావాలన్నా మావాళ్లు కంపెనీలే కొంటారు, నాకొక బీకరు కొనరు. ఇదీ కొంటే ల్యాబు మూసేస్తామన్నారు. పరువు దక్కించుకుందామనుకున్నాను."

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశాడు. యూసుఫ్‌కు దొంగ మీదే జాలేసింది.

"కార్ఖానా అమ్మేది లేదు" అంది షరీఫా. "శివయ్య సారు ఈడనే ఉండి నిజంగ ఒక మందు కనిపెట్టాలె. అందాక వడగట్టుడు ఆయన పని."

శివయ్య గొంగడి ముక్కను వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు. "దీని బొచ్చు రాలకుండా చెయ్యొచ్చేమో" అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన చేసిన మొదటి పరిశోధన అదేనని యూసుఫ్‌కు తోచింది.

"జర ఆగున్రి సార్" నవ్వాడు ఏసుదాసు. "గా బొచ్చే గద షరీఫమ్మను బతికిచ్చింది."